లెక్క వచ్చినవాళ్ళే ఎందుకు మునుగుతారు

ఆర్థిక అక్షరాస్యత గురించి ఈ మధ్య ఎవరు నోరు విప్పినా ఒకటే పాట. మనవాళ్ళకి చక్రవడ్డీ తెలీదట, ద్రవ్యోల్బణం అంటే ఏమిటో తెలీదట, బళ్ళో ఉన్నప్పుడే ఇవన్నీ నేర్పేస్తే అందరూ బాగుపడిపోతారట. నాకు ఈ మాట మీద పెద్ద నమ్మకం లేదు. నేను దగ్గర నుంచి చూసిన డబ్బు తప్పుల్లో చాలావాటిని చేసినవాళ్ళకి లెక్కలు బ్రహ్మాండంగా వచ్చు. బ్యాంకుల్లో పనిచేసినవాళ్ళు, లెక్చరర్లు, ఆడిటర్ దగ్గర పద్దులు రాసేవాళ్ళు.

మా మేనమామ సంగతే చెప్తాను. లెక్కల మాష్టారుగా రిటైరయ్యాడు. నిద్రలో లేపి అడిగినా బారువడ్డీకీ చక్రవడ్డీకీ తేడా చెప్తాడు. సర్వీసులో ఉండగా ఆయన జీతంలోంచి చాలా కాలం నెలనెలా కోత పడింది, తను తీసుకోని డబ్బుకి. తోటి మాష్టారొకాయన చీటీ పాడుకున్నాడు. పాడిన డబ్బు చేతికి రావాలంటే జామీనుదారులు కావాలి. ప్రభుత్వోద్యోగులైతే కంపెనీలకి మరీ ముద్దు, జీతం ఎక్కడికీ పారిపోదు కదా. మధ్యాహ్నం స్టాఫ్ రూములో క్యారేజీలు విప్పుతుంటే ఆయన ఫారం పట్టుకొచ్చాడు. ‘మాష్టారూ, మీదొక్క సంతకం. ఊరికే ఫార్మాలిటీ’ అంటూ పెన్ను మూత కూడా తీసి చేతికిచ్చాడు. మావయ్య చెయ్యి కడుక్కుని వచ్చి సంతకం పెట్టాడు. జీతం సర్టిఫికెట్టు కూడా తనే తెప్పించి ఇచ్చాడు.

ఆ సంతకం ఊరికే ఫార్మాలిటీ కాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 128వ సెక్షను చదివితే తెలుస్తుంది: ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప, అసలు బాకీదారు బాధ్యత ఎంతో జామీనుదారు బాధ్యతా అంతే. ముందు ఆయన వెంటపడి, ఆయన దగ్గర ఏమీ దొరక్కపోతేనే మీ దగ్గరకి రావాలన్న నియమం లేదు. నేరుగా మీ జీతం మీదకే రావచ్చు. ఈ సంగతి మావయ్యకి తెలీదనుకున్నాను. అడిగితే, తెలుసన్నాడు. స్టాఫ్ రూములో అందరికీ తెలుసట, అంతకు ముందే ఇద్దరి జీతాలు అటాచ్ అయ్యాయట. ‘మరి తెలిసి ఎందుకు పెట్టావు మావయ్యా?’ అంటే, ‘రోజూ ఎదురుగా కూచునే మనిషిరా. కాదంటే రేపటి నుంచి ఆయన ముఖం ఎలా చూడను?’ అన్నాడు.

నాకు ఆ జవాబులో తెలివితక్కువతనం కనపడదు. ఆయన ముందు రెండు నష్టాలున్నాయి. ఒకటి ఎప్పుడో, ఏమో, రావచ్చు రాకపోవచ్చు. వస్తే మాత్రం లక్షల్లో ఉంటుంది. రెండోది ఇప్పుడే, ఇక్కడే, నలుగురూ చూస్తుండగా వచ్చేది: ఒక మనిషి ముఖం మాడిపోవడం, ‘ఏం మనిషండీ, సంతకం కూడా పెట్టడు’ అన్న పేరు. డేనియల్ కానెమన్, ఏమస్ ట్వెర్స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లో ఒక సిద్ధాంతం రాశారు. వంద రూపాయలొస్తే కలిగే సంతోషం కంటే వంద పోతే కలిగే బాధ చాలా పెద్దదని, సుమారు రెండింతలని తర్వాతి లెక్కల్లో తేల్చారు. బాధ తప్పించుకోవడానికి మనిషి ఎంత పిచ్చి పందెమైనా కాస్తాడన్నారు. ఈ పనికే కానెమన్‌కి 2002లో నోబెల్ వచ్చింది. ట్వెర్స్కీ అప్పటికే పోయాడు. ఆ సిద్ధాంతాన్ని నేను ఒప్పుకుంటాను. కాకపోతే వాళ్ళ ప్రయోగాల్లో ప్రశ్నాపత్రాలు నింపినవాళ్ళ ఎదురుగా కాగితం తప్ప బావమరిది లేడు. మన దగ్గర డబ్బు నిర్ణయమంటూ జరిగేది ఎవరో ఒకరి సమక్షంలోనే. పోయేది డబ్బొక్కటే అయితే మనవాళ్ళు బానే లెక్కేసుకుంటారు. ఒక పక్క డబ్బు, ఇంకో పక్క మర్యాద పెట్టి తూచమంటేనే ముల్లు ఎప్పుడూ ఒకే పక్కకి ఒరుగుతుంది.

మార్చి నెల బీమా పాలసీలు కూడా ఇలాంటివే. పన్ను ఆదా చెయ్యాలంటూ బాబాయో, పెద్దమ్మ కొడుకో, పాత క్లాస్‌మేటో ఇంటికొస్తాడు. కాఫీ తాగుతాడు, పిల్లల చదువుల గురించి అడుగుతాడు, సంచిలోంచి ప్రపోజల్ ఫారం తీస్తాడు. ఏజెంటు బంధువు అయినప్పుడు పాలసీ గురించి ప్రశ్నలడగడమే అనుమానించినట్టు అయిపోతుంది. 2023-24 నుంచి కొత్త పన్ను విధానమే డీఫాల్ట్ అయింది. అందులో బీమా ప్రీమియానికి మినహాయింపు లేదు, అంటే ఆ విధానంలో ఉన్నవాళ్ళకి ఆ పాలసీతో పైసా పన్ను కూడా తగ్గదు. అయినా మార్చి మార్చే.

ఒక లెక్క వేసి చూద్దాం. ఏడాదికి 50,000 చొప్పున 20 ఏళ్ళు కడితే 10 లక్షలు. చివర్లో 17 లక్షల 36 వేలు వస్తుందనుకుందాం. వినడానికి బానే ఉంది, పది పెడితే పదిహేడు. నిజానికి అది ఏడాదికి 5 శాతం. అదే 50,000 పీపీఎఫ్ అనే ప్రభుత్వ పొదుపు ఖాతాలో పెట్టి, 15 ఏళ్ళు నిండాక ఇంకో అయిదేళ్ళు పొడిగించుకుంటే, 2020 ఏప్రిల్ నుంచి నడుస్తున్న 7.1 శాతమే చివరిదాకా ఉందనుకుంటే, 22 లక్షల పైచిలుకు వస్తుంది.

ఇంతవరకూ యూట్యూబ్‌లో ఎవరైనా చెప్తారు. నాకు ఆసక్తి కలిగించేది తర్వాతి ఘట్టం. మూడేళ్ళు కట్టాక ఆ మనిషికి విషయం అర్థమవుతుంది. కట్టింది లక్షన్నర. పాలసీ మధ్యలో ఆపేసి సరెండర్ చేస్తే ఓ 60,000 చేతికొస్తాయనుకోండి. ‘అమ్మో, 90,000 పోతాయా? కట్టినంత కాలం కట్టాం, ఇంకో పదిహేడేళ్ళు కట్టేద్దాం’ అంటాడు. ఆ 60,000నీ, మిగిలిన 17 ఏళ్ళ ప్రీమియాన్నీ పీపీఎఫ్ దారి పట్టిస్తే అదే గడువుకి సుమారు 18 లక్షల 60 వేలు అవుతుంది. తొంభై వేలు పోగొట్టుకున్నాక కూడా లక్ష పైన ఎక్కువే. బీమా కోసం విడిగా, మనిషి పోతేనే డబ్బొచ్చే టర్మ్ పాలసీ తీసుకుంటే ఆ లక్షలో చాలా భాగం దానికే పోవచ్చు, ఒక్కో పాలసీ లెక్క ఒక్కోలా తేలవచ్చు కూడా. కాబట్టి అందరూ సరెండర్ చేసెయ్యండని నేను అనట్లేదు. ఆ లెక్క ఎవరూ వెయ్యరు, అదీ నా గొడవ. ఎందుకంటే సరెండర్ ఫారం మీద సంతకం పెడితే రెండు విషయాలు బయటపడతాయి. మనం పొరబడ్డామని భార్యకి తెలుస్తుంది. పాలసీ ఆపేశామని బాబాయికి తెలుస్తుంది. కట్టుకుంటూ పోతే ఎవరికీ ఏమీ తెలీదు. పదిహేడేళ్ళ నష్టానికి పేరు ఉండదు, నిలదీసేవాడూ ఉండడు.

వడ్డీ మాటకొస్తే, మనకి ఇంకో చిత్రమైన అలవాటుంది. బయట అప్పు తెచ్చుకున్నప్పుడు శాతాల్లో మాట్లాడుకోం. నూటికి రెండు రూపాయలు అంటాం. ‘తెలిసినాయనే, రెండ్రూపాయలకే ఇచ్చాడు, మంచివాడు.’ బ్యాంకువాడు తొమ్మిది శాతం అంటే మాత్రం గుండె ఝల్లుమంటుంది. రెండు నెలకి, తొమ్మిది ఏడాదికి. రెండ్రూపాయలంటే ఏడాదికి 24 శాతం. ఈ సంగతి తెలియనివాడు తెలుగు నేల మీద లేడు, అయినా చెవికి రెండు చిన్నగానే వినపడుతుంది. క్రెడిట్ కార్డు కంపెనీలు ఈ కిటుకు ఎప్పుడో పట్టేశాయి, నెలకు మూడున్నర శాతం అని రాస్తాయి. పన్నెండుతో గుణిస్తే 42.

ఒకావిడ ఉంది, మాకు వరసకి అత్తయ్య అవుతుంది. ఆవిడ పేరున 3 లక్షల ఎఫ్‌డీ ఉంది, 7 శాతం. మనవరాలి పెళ్ళికని. ఇంటి పైకప్పు కారుతుంటే బాగుచేయించడానికి 3 లక్షలు రెండ్రూపాయల వడ్డీకి తెచ్చింది. ఎఫ్‌డీ ఏడాదికి 21,000 సంపాదిస్తుంటే అప్పు 72,000 తింటోంది. మన ఫైనాన్స్ గురువులు చూస్తే నెత్తి బాదుకుంటారు. రిచర్డ్ థేలర్ అనే ఆర్థికవేత్త దీన్నే తలలోపల వేర్వేరు ఖాతాలు రాసుకోవడం అన్నాడు. రూపాయికి రూపాయి సమానమే అయినా మనిషి పెళ్ళి రూపాయినీ ఇంటి రూపాయినీ కలవనివ్వడు. ఆయనకీ 2017లో నోబెల్ వచ్చింది. పోపుల డబ్బాలో నోట్లు దాచి, పాలవాడి డబ్బు పాలవాడికే, కరెంటు బిల్లుది కరెంటు బిల్లుకే అని మడత పెట్టుకునే మన ఇళ్ళల్లో ఈ మాట ఎవరికీ కొత్త కాదు.

అయితే అత్తయ్యని అడిగి చూడండి. ‘ఎఫ్‌డీ పగలగొడితే మళ్ళీ ఎవడేస్తాడు? ఈ అప్పయితే ఆయన నెల తిరక్కుండా వచ్చి గుమ్మంలో నిలబడతాడు, చచ్చినట్టు తీరుస్తాం’ అంటుంది. ఇది మూర్ఖత్వం కాదు. తన ఇంటి సంగతి, తన కొడుకుల సంగతి ఆవిడకి బాగా తెలుసు. ఆవిడ కట్టే ఎక్కువ వడ్డీ తన వాళ్ళ బద్ధకం మీద వేసిన జరిమానా. అలాంటి మనిషికి ‘ఎఫ్‌డీ పగలగొట్టు’ అని సలహా ఇవ్వడం దండగ. అదే ఎఫ్‌డీ తనఖా పెడితే బ్యాంకువాళ్ళే సాధారణంగా ఒక శాతం ఎక్కువకి, అంటే 8 శాతానికి, డిపాజిట్టులో ఎనభై తొంభై శాతం దాకా అప్పిస్తారు. పెళ్ళి డబ్బు పెళ్ళి డబ్బుగానే ఉంటుంది, ఆ మేరకు వడ్డీ మూడో వంతుకి దిగుతుంది. ఎవరి మనస్తత్వమూ మార్చనక్కర్లేదు. ఆవిడకి ఈ ముక్క ఎవరూ చెప్పలేదు, ఎందుకంటే అందరూ ఆవిడకి చక్రవడ్డీ నేర్పాలనే చూశారు.

చేతిలో డబ్బు ఆడని వాళ్ళ గురించి మాట్లాడేటప్పుడు ఇంకొంచెం జాగ్రత్తగా ఉండాలి. తమిళనాడు చెరకు రైతుల మీద చేసిన ఒక అధ్యయనం 2013లో సైన్స్ పత్రికలో వచ్చింది. కోతకి ముందు, చేతిలో చిల్లిగవ్వ లేనప్పుడు ఒకసారి, కోత డబ్బు వచ్చాక మరోసారి అదే రైతులకి బుర్రకి పనిపెట్టే పరీక్షలు పెట్టారు. 464 మంది. కోతకి ముందు పరీక్షల్లో వాళ్ళు స్పష్టంగా వెనకబడ్డారు. మనిషి అతనే, తెలివీ అతనిదే. అప్పులవాడి గురించిన ఆలోచన బుర్రలో సగం జాగా ఆక్రమించుకుంటే మిగిలిన సగంతో ఏ వడ్డీ తక్కువో ఎక్కడ తేల్చుకుంటాడు?

ఈ మొహమాటం, పరువు అనేవి కొందరికి మంచి పెట్టుబడి. అగ్రిగోల్డ్ అనే డిపాజిట్ల కంపెనీ అంత పెరిగిందంటే స్థలాల వల్లా, దాని హాయ్‌లాండ్ పార్కు వల్లా మాత్రమే కాదు. దాని ఏజెంట్లు ఊళ్ళో మనుషులు. పక్కింటి పిన్ని, టైలరు, బడి పంతులు. డిపాజిట్టు అడిగింది కంపెనీ కాదు, పిన్ని. 2014-15లో కుప్పకూలేటప్పటికి సుమారు 32 లక్షల మంది డబ్బు, 6 వేల కోట్లకి పైగా, అందులో ఇరుక్కుంది. డబ్బు పోయినవాళ్ళు నిలదీసిందీ ఆ పిన్నినే. పైవాళ్ళ మొహం ఎవరూ చూసి ఎరగరు. కొందరు ఏజెంట్లు ఆ అవమానం తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్నారు.

ఆ తర్వాత లోన్ యాప్‌లు వచ్చాయి. వాటికి పిన్ని కూడా అక్కర్లేకపోయింది. అయిదు వేలు అప్పిచ్చేముందు ఫోన్లో ఉన్న నంబర్లన్నీ చూసేందుకు అనుమతి అడిగాయి. తాకట్టు పెట్టుకున్నది అదీ. గడువు దాటితే బావగారికీ, ఆఫీసులో బాసుకీ, కాలేజీలో స్నేహితురాలికీ ‘వీడు దొంగ’ అంటూ ఫొటోతో సహా మెసేజీలు వెళ్ళాయి. 2020 చివర్లో తెలంగాణలో ఆత్మహత్యలు జరిగాక హైదరాబాద్ పోలీసులు అరెస్టులు మొదలుపెట్టారు. 2022లో రిజర్వు బ్యాంకు అప్పు యాప్‌లు ఫోన్లో కాంటాక్టుల జోలికి వెళ్ళకూడదని నిబంధన పెట్టింది. బంగారం తాకట్టు గురించి మనకి ఎన్నో చట్టాలున్నాయి, పరువు తాకట్టు గురించి మొన్నమొన్నటిదాకా ఏమీ లేదు.

పూర్తిగా ఏమీ లేదనడం కూడా తప్పే. 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మైక్రోఫైనాన్స్ మీద, అంటే ఆడవాళ్ళ గ్రూపులకి చిన్న అప్పులిచ్చే కంపెనీల మీద, ఆర్డినెన్సు తెచ్చింది. గ్రూపులో ఒకామె వాయిదా కట్టకపోతే మిగతావాళ్ళు వెళ్ళి ఆమె ఇంటి ముందు కూచునే పద్ధతి అప్పటికి మితిమీరిపోయింది. ఆ ఆర్డినెన్సులో వసూళ్ళు పంచాయతీ ఆఫీసు లాంటి చోటే జరగాలని ప్రత్యేకంగా రాశారు. రాసినవాళ్ళెవరో గానీ, గుమ్మంలో నిలబడి అడగడానికీ ఆఫీసులో అడగడానికీ ఉన్న తేడా బాగా ఎరిగినవాళ్ళు.

ఇక్కడిదాకా చదివి, అయితే ఈ సిగ్గూ మొహమాటం వదిలించుకుంటే సరిపోతుందనుకోకండి. సిగ్గు లేకపోతే మన ఇళ్ళల్లో సగం పొదుపులు లేవు. చీటీనే చూడండి. 20 మంది, 20 నెలలు, తలా 5,000. మూడో నెలలో ఎవరో అవసరపడి 25,000 తగ్గించి పాడుకుంటే చేతికి 75,000 వస్తుంది. తగ్గిన 25,000లో నిర్వాహకుడి కమీషను 5,000 పోను, మిగతా 20,000 తలా వెయ్యి చొప్పున పంచుతారు, ఆ నెల అందరూ 4,000 కడితే చాలు. (చట్టం ప్రకారం కమీషను 5 శాతం మించకూడదనేవారు, 2019 సవరణలో 7 చేశారు.) పెట్టుబడిగా చూస్తే దీనికంటే మంచివి బోలెడున్నాయి, రిజిస్టరు కాని చీటీ అయితే మొత్తం పోయే భయం కూడా ఉంది. మా వీధిలో టైలరింగ్ చేసే అక్కతో ఈ మాటే అన్నాను. మిషను ఆపకుండానే చెప్పింది: ‘బ్యాంకులో వేస్తానంటే వెయ్యకపోయినా అడిగేవాళ్ళెవరు? చీటీ అయితే పదో తారీకు కల్లా అడుగుతారు.’ ఆవిడ కొనుక్కుంటున్నది వడ్డీ కాదు. నెలకొకసారి నలుగురి ముందు తల ఎత్తుకోవాలన్న ఒత్తిడి. ఆ ఒత్తిడితోనే రెండు మిషన్లు కొంది.

ముఖం చూసేవాళ్ళు ఎవరూ లేకపోతే ఏమవుతుందో కూడా మనకి తెలుసు. ఎఫ్ అండ్ ఓ ట్రేడింగ్, అంటే షేర్ల ధర ఎటు పోతుందోనని పందెం కాసే ఫ్యూచర్స్, ఆప్షన్స్ బేరం, అర్ధరాత్రి వీడియోలు చూసి, పొద్దున ఆఫీసు బాత్రూములో ఫోన్ మీద చేసే పని. మొహమాట పెట్టేవాళ్ళు లేరు, ఆపేవాళ్ళూ లేరు. 2021-22 నుంచి 2023-24 దాకా మూడేళ్ళలో ఇందులో దిగిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారని, పోయిన మొత్తం 1.8 లక్షల కోట్లు దాటిందని షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024లో లెక్క తేల్చింది. వీళ్ళలో ఇంజనీరింగు చదివినవాళ్ళూ ఉన్నారు, వాళ్ళకి లెక్క రాదని ఎవరూ అనలేరు. లాభం వస్తే ఆఫీసులో బిర్యానీ తినిపిస్తారు. నష్టం మాత్రం పర్సనల్ లోన్‌గా మారి, ఇంట్లోవాళ్ళకి తెలిసేసరికి మరో రెండు లోన్లయి కూచుంటుంది.

కాబట్టి ఎవరెవరి ముఖాలు మన డబ్బుకి దగ్గరగా ఉండాలో, ఎవరివి దూరంగా ఉండాలో ముందే ఏర్పాటు చేసుకోవడం తప్ప నాకు వేరే దారి కనపడలేదు. ఆ క్షణంలో ధైర్యం తెచ్చుకుని కాదనమంటే చాలామందికి సాధ్యం కాదు, మావయ్యకి కాలేదు. మనవాళ్ళు దీనికి ఎప్పుడో ఒక కిటుకు కనిపెట్టారు: ‘ఇంట్లో అడిగి చెప్తాను.’ అడగరు. కానీ పెన్ను చేతికొచ్చిన క్షణానికీ సంతకానికీ మధ్య ఒక రోజు సంపాదిస్తారు. మర్నాటికి ఎదుటి మనిషి ఎదురుగా ఉండడు, ఫోన్లో కాదనడం తేలిక. దీన్ని మొగుడూ పెళ్ళాలు కూడబలుక్కుని నియమంగా పెట్టుకోవచ్చు. జామీను సంతకాలు ఇద్దరం కలిసి తప్ప పెట్టం, బంధువుల పాలసీ ఏదైనా వారం ఆగాకే, అని.

దీని వెనక ఒక అన్యాయం ఉంది, అదీ చెప్పాలి. ‘మా ఆవిడ ఒప్పుకోలేదండీ’ అని మగాడు సులువుగా తప్పుకుంటాడు, గయ్యాళి అన్న పేరు ఆవిడకి మిగులుతుంది. చుట్టపక్కాల్లో డబ్బు దగ్గర గట్టివాళ్ళని పేరుపడ్డ ఆడవాళ్ళలో సగం మంది తమ మొగుళ్ళ మొహమాటం మోస్తున్నవాళ్ళే.

ఇక ఒంటరిగా ఉండే ఆడవాళ్ళకి, ముఖ్యంగా భర్త పోయాక బీమా డబ్బో, గ్రాట్యుటీయో ఒక్కసారిగా చేతికొచ్చినవాళ్ళకి, ఆ సాకు కూడా లేదు. పదకొండో రోజు దాటగానే అందరూ వచ్చేది వాళ్ళ దగ్గరికే: స్థలం ఉందని ఒకరు, వ్యాపారంలో వాటా అని ఒకరు, రెండు నెలల్లో తిరిగిచ్చేస్తానని మరొకరు. వాళ్ళకి నేను చెప్పేది ఒకటే. డబ్బు ఖాతాలో పడిన రోజే ఏడాదికి ఎఫ్‌డీ వేసెయ్యండి. ఎవరడిగినా ‘డిపాజిట్టులో ఉందన్నయ్యా, ఏడాది దాకా కదపడానికి లేదు’ అనండి. మామూలు ఎఫ్‌డీ అయితే కదపడానికి ఉంటుంది, వడ్డీలో అర శాతమో ఒక శాతమో కోసుకుంటారు, అంతే. ఆ సంగతి అడగొచ్చినవాళ్ళకి చెప్పాల్సిన పనిలేదు.